గోదాం ర్యాక్‌లలో కనిపించని దెబ్బలు: సూరత్‌లో ఎక్కడ వెతకాలి, ఎలా కొలవాలి?

సూరత్ అనగానే తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది మరమగ్గాలు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వంటి చోట్ల తరాలుగా స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే తెలుగువారి సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు. మగ్గం మీద నేసిన బట్ట దేశమంతటా చేరాలంటే మధ్యలో గోదాం ఉండాల్సిందే. సచిన్, పాండేసరా పారిశ్రామిక వాడల్లో, కడోదరా, పల్సానా వైపు జాతీయ రహదారి వెంట ఉన్న గోదాముల్లో నూలు, బట్ట, రసాయనాలు, ఆన్‌లైన్ అమ్మకాల సరుకు నిల్వ చేస్తారు. నేల మీద మూటలు పేర్చే పాత పద్ధతి పక్కనే, సరుకును మనిషికి మూడు నాలుగింతల ఎత్తుకు లేపి ఉంచే ఇనుప ర్యాక్‌ల పద్ధతి కూడా ఉంది.

ఆ ర్యాక్‌ల కింద రోజంతా మనుషులు తిరుగుతారు. హమాలీలు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు, లెక్కలు రాసుకునే గుమాస్తాలు. ర్యాక్ కూలడం అరుదే. కానీ కూలితే తప్పించుకునే వ్యవధి దాదాపు ఉండదు. చాలాసార్లు దానికి ముందు దెబ్బ తగిలి ఉంటుంది, అది కంటికి ఆనకుండానో, చూసినవాళ్లు పట్టించుకోకుండానో ఉండిపోతుంది. ఆ దెబ్బ ఎక్కడ దాక్కుంటుంది, దాన్ని ఎలా కొలవాలి, కనిపిస్తే ఏం చేయాలి అన్నదే ఈ కథనం.

ర్యాక్ ఎలా నిలబడుతుంది?

ప్యాలెట్ ర్యాక్‌లో ప్రధాన భాగాలు కొన్నే. ముందొకటి, వెనకొకటి నిలువు స్తంభాలు. ఆ రెంటినీ కలుపుతూ ఏటవాలుగా, అడ్డంగా ఉండే సన్నని బద్దలు, వీటిని బ్రేసింగ్ అంటారు. ఇలా తయారైన రెండు ఫ్రేముల మధ్య అడ్డంగా అమర్చే దూలాలే బీమ్‌లు. బీమ్ చివర ఉండే కొక్కేలు స్తంభానికున్న రంధ్రాల్లో దిగుతాయి. అవి పైకి ఊడిరాకుండా ఒక క్లిప్ గానీ పిన్ను గానీ పెడతారు. స్తంభం అడుగున బేస్ ప్లేట్, దాన్ని కాంక్రీటు నేలకు పట్టి ఉంచే యాంకర్ బోల్టులు ఉంటాయి.

బరువు లెక్క కూడా తేలికే. ఒక గడిలో నేల మీద సరుకు కాక నాలుగు అంతస్తుల బీమ్‌లు ఉన్నాయనుకుందాం. ఒక్కో అంతస్తులో టన్ను చొప్పున రెండు ప్యాలెట్లు పెడితే ఆ గడి మొత్తం మీద 8 టన్నులు. వరస మధ్యలో ఉన్న ఫ్రేముకు కుడివైపు గడిలో సగం, ఎడమవైపు గడిలో సగం బరువు వస్తుంది. అంటే మళ్లీ 8 టన్నులు. ఆ ఫ్రేములో రెండు స్తంభాలు కాబట్టి ఒక్కో స్తంభం మోసేది 4 టన్నులు. ఆ స్తంభం రేకు మందం మాత్రం చాలా ర్యాక్‌లలో సుమారు 2 మిల్లీమీటర్లే. మడతలు పెట్టి ఆకారం ఇచ్చిన రేకు అది. దాని బలం లోహం మందంలో కన్నా ఆ ఆకారంలోనే ఎక్కువ ఉంది. ఆకారం చెడితే బలం పోతుంది.

చిన్న సొట్టతో పెద్ద నష్టం ఎందుకు?

నిటారుగా నిలబెట్టిన పోస్టుకార్డు మీద చిన్న బరువు ఆనించవచ్చు. దాని మధ్యలో వేలితో కొద్దిగా నొక్కితే అదే బరువుకు వంగిపోతుంది. కాగితం ఏమీ చిరగలేదు, వంపు మాత్రమే వచ్చింది. ర్యాక్ స్తంభంలో జరిగేదీ ఇదే.

నిటారుగా ఉన్న స్తంభంలో బరువు నేరుగా కిందికి దిగుతుంది. 10 మిల్లీమీటర్లు వంగితే ఆ మేరకు పక్కకు తప్పుతుంది. 4 టన్నుల బరువు 10 మిల్లీమీటర్లు తప్పిందంటే, మీటరు పొడవున్న కర్ర చివర 40 కిలోలు వేలాడదీస్తే కర్ర మొదట్లో ఎంత వంపు ఒత్తిడి పడుతుందో అంత ఒత్తిడి ఆ స్తంభం మీద అదనంగా పడుతుంది. ఆ ఒత్తిడి స్తంభాన్ని ఇంకాస్త వంచుతుంది. వంపు పెరిగితే ఒత్తిడీ పెరుగుతుంది. ఒక హద్దు వరకు స్తంభం తట్టుకుని నిలుస్తుంది. ఆ హద్దు దాటించడానికి మరొక ప్యాలెట్ చాలు, ఫోర్క్‌లిఫ్ట్ మెల్లగా తగిలినా చాలు. అందుకే దెబ్బ తగిలిన రోజున కాకుండా, వారాల తర్వాత ఏ కారణమూ కనిపించకుండా ర్యాక్ కూలవచ్చు. ‘ఇన్నాళ్లూ నిలబడింది కదా’ అన్న ధీమాకు ఇక్కడ ఆధారం లేదు.

ఒక ఫ్రేము కూలితే దానికి తగిలించిన బీమ్‌లు పక్క ఫ్రేమును లాగుతాయి. 2016 మే నెలలో ఇంగ్లండ్‌లోని హిన్‌స్టాక్ గ్రామంలో ఒక గోదాములో ర్యాక్‌లు వరసగా కూలి, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ చీజ్ సరుకు కింద గంటల తరబడి చిక్కుకుపోయారు. ఆయనను సహాయ బృందాలు ప్రాణాలతో బయటకు తీశాయి. 2020 అక్టోబరు 2న బ్రెజిల్‌లోని సావో లూయిస్ నగరంలో ఒక హోల్‌సేల్ దుకాణంలో ర్యాక్‌లు ఒకదాని వెంట ఒకటి పడిపోయి ఒక ఉద్యోగిని మరణించారు, పలువురు గాయపడ్డారు. మొదటి ర్యాక్ ఒరగడానికీ చివరిది నేలకూలడానికీ మధ్య గడిచేది కొన్ని క్షణాలే.

దెబ్బ దాక్కునే చోట్లు

స్తంభం వెనక భాగం: ఫోర్క్‌లిఫ్ట్ దెబ్బలు ఎక్కువగా నేల నుంచి మీటరు ఎత్తులోపే తగులుతాయి. నడవలో నిలబడి చూస్తే స్తంభం ముందు ముఖమే కనిపిస్తుంది. లోపలి అంచు మడతపడినా, రంధ్రాల చుట్టూ రేకు చీలినా తెలియదు. టార్చి పట్టుకుని వంగి, వెనకవైపు వేలితో తడిమి చూడాలి. రంగు పెచ్చులు లేచిన చోట, కొత్తగా లోహం మెరుస్తున్న చోట ఆగాలి. రంగు ఒకచోట మాత్రమే సన్నగా చిట్లిందంటే దాని కింది రేకు వంగిందని అర్థం.

బ్రేసింగ్: సన్నని బద్దలు కాబట్టి వీటిని ఎవరూ లెక్కచేయరు. కానీ స్తంభాన్ని మధ్య మధ్యలో పట్టి ఉంచేవి ఇవే. సన్నటి నిలువు కమ్మి వంగకుండా మోయగల బరువు, ఆధారం లేని పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. అంటే ఒక బద్ద ఊడి ఆధారం లేని పొడవు రెట్టింపైతే, సిద్ధాంతం ప్రకారం మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోవచ్చు. స్తంభానికి గీత కూడా పడకపోయినా సరే. బద్ద కలిసే చోట బోల్టు వదులైందా, వెల్డింగ్ చిట్లిందా చూడాలి.

బీమ్ కొక్కేలు: ప్యాలెట్‌ను పైకి లేపేటప్పుడు ఫోర్కు పై బీమ్‌కు కింద నుంచి తగిలితే కొక్కెం రంధ్రం నుంచి సగం లేస్తుంది. బరువు మీద ఉండటంతో అప్పటికి నిలబడే ఉంటుంది. క్లిప్ ఊడిందా, కొక్కేలన్నీ పూర్తిగా దిగాయా, స్తంభం మీది రంధ్రం గుండ్రం తప్పి, సాగి కనిపిస్తోందా అన్నవి చూడాలి. క్లిప్ బదులు మేకు, తీగముక్క పెట్టి ఉంటే ఆ క్లిప్ ఎప్పుడు, ఎందుకు ఊడిందో అడగాలి. బీమ్‌కు, కొక్కేల పలకకు మధ్య వెల్డింగ్ వెంట సన్నని గీతలాంటి పగులు దుమ్ము కింద దాగి ఉంటుంది. పొడి గుడ్డతో తుడిచాకే కనిపిస్తుంది.

బీమ్ మధ్య భాగం: బరువు పెడితే బీమ్ కొంత కిందికి వంగడం సహజం. యూరప్ ప్రమాణాల్లో వాడే సాధారణ హద్దు బీమ్ పొడవులో 200వ వంతు. 2,700 మిల్లీమీటర్ల బీమ్‌కు అది 13.5 మిల్లీమీటర్లు. సరుకు దించాక కూడా బీమ్ తిరిగి నిటారుగా రాకపోతే అది ఎప్పుడో మోయలేని బరువు మోసిందని గుర్తు. సరుకు ఉన్నప్పుడు అన్ని బీమ్‌లూ వంగే ఉంటాయి కాబట్టి ఈ దెబ్బ ఖాళీ బీమ్‌లోనే బయటపడుతుంది.

అడుగు భాగం, నేల: దక్షిణ గుజరాత్‌లో నల్లరేగడి నేలలు ఎక్కువ. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే మట్టి అది. పునాది సరిగా వేయని చోట కాంక్రీటు నేల ఒక పక్క దిగితే పైన ర్యాక్ ఒరుగుతుంది. బోల్టు నట్టు చేత్తోనే తిరుగుతోందా, బేస్ ప్లేట్ ఒక మూల లేచిందా, దాని చుట్టూ కాంక్రీటు పగిలిందా చూడాలి. తాపీమేస్త్రీలు వాడే తూకంగుండును స్తంభం పక్కన వేలాడదీస్తే ఒరుగు తెలిసిపోతుంది. బిగించేటప్పుడు సాధారణ ప్యాలెట్ ర్యాక్‌కు అనుమతించే ఒరుగు ఎత్తులో 350వ వంతు. 7 మీటర్ల స్తంభానికి అది 20 మిల్లీమీటర్లు. అంతకు మించి ఉంటే, ముఖ్యంగా గత కొలత కన్నా పెరిగి ఉంటే, నిపుణులను పిలవాలి.

తుప్పు, వరద, వేడి

సూరత్‌కు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. సముద్రం దగ్గర్లోనే ఉంది, గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. అద్దకం మిల్లుల పక్కనున్న గోదాములకు ఆవిరి, రసాయనాల పొగ తోడవుతాయి. తుప్పు ముందుగా పట్టేది నీరు నిలిచే బేస్ ప్లేట్ దగ్గర, చీపురు చేరని మూలల్లో. పైన రంగు బాగానే ఉన్నా కింద రేకు పలచబడుతూ ఉంటుంది. 2 మిల్లీమీటర్ల రేకులో 0.3 మిల్లీమీటర్లు పోతే 15 శాతం లోహం పోయినట్టే. రంగు బుడగలుగా లేచిన చోట గట్టి స్క్రూడ్రైవర్ మొనతో గీకి చూడాలి. పొరలుగా రాలితే అది పైపై తుప్పు కాదు.

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో చాలా భాగం రోజుల పాటు నీళ్లలో ఉంది. అలాంటి వరద తర్వాత సరుకును తీసి ఆరబెడతారు, నేల కడుగుతారు. కానీ స్తంభం లోపలి బోలు భాగంలో చేరిన బురద తేమను పట్టి ఉంచి నెలల తరబడి లోపలి నుంచి తినేస్తుంది. నీళ్లు నిలిచిన ప్రతి గోదాములో స్తంభాల అడుగు భాగాన్ని లోపల కూడా కడిగి, ఆరాక మళ్లీ చూడాలి. తడిసిన నూలు, బట్ట మూటలు పొడివాటికన్నా బరువన్న సంగతీ మరవకూడదు.

అగ్నిప్రమాదాలు సూరత్ బట్టల వ్యాపారానికి కొత్త కాదు. 2025 ఫిబ్రవరి చివర్లో శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్‌లో రేగిన మంటలు వందల దుకాణాలను దెబ్బతీశాయి. మంట ఆరాక ర్యాక్ నిటారుగానే కనిపించవచ్చు. ఉక్కు 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర తన బలంలో సుమారు మూడో వంతుకు పైగా కోల్పోతుంది. చల్లారాక మామూలు ఉక్కు బలం చాలావరకు తిరిగి వస్తుంది. కానీ ర్యాక్ రేకును చల్లగా ఉండగానే మడిచి తయారు చేస్తారు, ఆ మడతలతో వచ్చిన అదనపు బలం ఎక్కువ వేడి తగిలితే తిరిగి రాకపోవచ్చు. రంగు కాలి ఊడిపోయిన, నల్లబడి పొక్కిన భాగాలను మళ్లీ రంగు వేసి వాడటం ప్రమాదకరం.

చేతులారా చేసుకునే దెబ్బలు

కొన్ని లోపాలకు ఎవరూ గుద్దనక్కర్లేదు. పొడవాటి సరుకు పట్టడానికి కింది బీమ్‌ను తీసేయడం, లేదా మరింత పైకి మార్చడం అలాంటిదే. బీమ్‌ల మధ్య ఎత్తు పెరిగితే స్తంభానికి ఆధారం లేని పొడవు పెరుగుతుంది, మోయగల బరువు తగ్గుతుంది. ర్యాక్ మీద అంటించిన బరువు పట్టిక పాత అమరికకు వేసింది, మార్చాక అది చెల్లదు. కొత్త లెక్క తయారీదారు ఇవ్వాలి.

ఒక కంపెనీ స్తంభానికి మరొక కంపెనీ బీమ్ తగిలించడం ఇంకొకటి. కొక్కెం దిగినట్టే కనిపిస్తుంది, పూర్తిగా ఆనదు. సెకండ్ హ్యాండ్ ర్యాక్ కొనేటప్పుడు తాజా రంగును చూసి మురిసిపోకూడదు. వంపును సుత్తితో సరిచేసి రంగు పూసి ఉండవచ్చు. వంగిన స్తంభాన్ని కొట్టి గానీ, కాల్చి గానీ నిటారు చేయడం యూరప్ ప్రమాణం ఈఎన్ 15635 ప్రకారం కూడదు. ఒకసారి వంగి తిరిగి నిటారైన రేకు మడత దగ్గర పగులుకు సిద్ధంగా ఉంటుంది. దాని బలం ఎంతో ఎవరూ చెప్పలేరు, మార్చడమే దారి.

మీటరు స్కేలుతో కొలత

ఈఎన్ 15635 సూచించే కొలతకు కావలసింది మీటరు పొడవున్న నిటారు పట్టీ, చిన్న స్కేలు. వంపు లోపలికి ఉన్న వైపు, దెబ్బ మధ్యకు వచ్చేలా పట్టీని ఆనించి, పట్టీకీ స్తంభానికీ మధ్య అత్యధిక సందు కొలవాలి. హద్దులు మూడు.

నడవలోంచి తగిలిన దెబ్బకు స్తంభం వెనక్కి, అంటే బ్రేసింగ్ ఉన్న దిశలో వంగితే: 3 మిల్లీమీటర్లు.
బీమ్‌ల దిశలో పక్కకు వంగితే: 5 మిల్లీమీటర్లు.
బ్రేసింగ్ బద్ద ఏ వైపు వంగినా: 10 మిల్లీమీటర్లు.

సందు హద్దులోపే ఉంటే ఆకుపచ్చ వర్గం. రాసుకుని, గమనిస్తూ వాడవచ్చు. హద్దు దాటి, రెట్టింపు కన్నా తక్కువ ఉంటే పసుపు వర్గం. ఉన్న సరుకు దించాక మళ్లీ ఎక్కించకూడదు, నాలుగు వారాల్లో బాగుచేయకపోతే అది ఎరుపుగా మారుతుంది. రెట్టింపు, ఆపైన ఉంటే ఎరుపు. వెంటనే ఖాళీ చేయాలి. నడవ వైపు దెబ్బకు 6 మిల్లీమీటర్లకే ఎరుపు, అంటే సుమారు నాలుగు రూపాయి నాణేలు పేర్చినంత మందం. దూరం నుంచి చూసి తీర్మానించే విషయం కాదిది.

ఈ అంకెలు మెల్లగా వంగిన స్తంభానికే వర్తిస్తాయి. పదునైన సొట్ట, మడత ఉంటే కొలత ఎంత తక్కువ వచ్చినా నిపుణుడు చూడాలి. చీలిక, పగులు కనిపిస్తే కొలతతో పనే లేదు, ఆ భాగాన్ని మార్చాలి.

ఖాళీ చేసేటప్పుడు

ఎరుపు తేలగానే ఆ నడవలోకి మనుషులు రాకుండా ఆపాలి. దెబ్బ స్తంభానికైతే దానికి రెండు పక్కలా ఉన్న గడులు రెండూ, అన్ని అంతస్తులూ ఖాళీ చేయాలి. ఎందుకంటే ఆ స్తంభం రెంటి బరువూ మోస్తోంది. దెబ్బ ఒక్క బీమ్‌కే అయితే ఆ అంతస్తు చాలు. సరుకును పై నుంచి కిందికి దించాలి. కింది బీమ్‌ల సరుకు ముందు తీస్తే బరువంతా పైనే మిగులుతుంది. స్తంభం స్పష్టంగా మెలితిరిగి ఉంటే దించే పనే ప్రమాదం, నిపుణులు వచ్చేదాకా దూరంగా ఉండటమే మేలు. వెన్ను కలిపి నిలబెట్టిన రెండు వరసలైతే వెనక వరసనూ పరిశీలించాలి.

ఎవరు చూడాలి, ఎవరు చెప్పాలి?

ఈఎన్ 15635 మూడు మెట్లు చెబుతుంది. దెబ్బ తగిలిన వెంటనే చూసినవారు చెప్పడం మొదటిది. ర్యాక్‌ల భద్రతకు బాధ్యుడిగా నియమించిన ఒక వ్యక్తి వారానికోసారి, లేదా ఆ గోదాం పరిస్థితికి తగిన వ్యవధిలో, తిరిగి చూసి రాయడం రెండోది. పన్నెండు నెలలు మించకుండా నిపుణుడి తనిఖీ మూడోది. భారత్‌లో ఇది చట్టం కాదు, కానీ తయారీదారులు, తనిఖీ నిపుణులు ఆధారపడే పద్ధతి ఇది. సూరత్ భారత భూకంప ప్రమాణం ఐఎస్ 1893 (2016) ప్రకారం జోన్ 3లో ఉంది. కొత్త ర్యాక్ కొనేవారు లెక్కల్లో ఆ సంగతి చేర్చారా అని అడగవచ్చు.

ఈ మూడు మెట్లలో బలహీనమైనది మొదటిదే. ఫోర్క్‌లిఫ్ట్ తగిలిన సంగతి డ్రైవర్‌కు అప్పుడే తెలుసు. చెబితే జీతంలో కోత పడుతుందని, పని పోతుందని భయపడితే ఆ ప్యాలెట్‌ను సొట్టకు అడ్డంగా జరిపి వెళ్లిపోతాడు. నిపుణుడు వచ్చేది ఏడాదికి ఒకసారి. ఆలోగా ఆ స్తంభం కింద అదే డ్రైవర్, అతని తోటివారు వందలసార్లు తిరుగుతారు. దెబ్బను చెప్పినవారికి శిక్ష ఉండదని యాజమాన్యం రాతపూర్వకంగా ప్రకటించడం, ఏ మీటరు స్కేలు కన్నా ఎక్కువ దెబ్బలను బయటపెడుతుంది. ఆ ప్రకటన, బరువు పట్టిక, ఎవరికి ఫోన్ చేయాలన్న వివరం పనిచేసేవారి భాషల్లో ఉండాలి. తెలుగువారు పనిచేసే చోట తెలుగులోనూ ఉండాలి.

చట్టం కార్మికుల చేతికి కొంత బలం ఇచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 7ఏ సెక్షన్ కార్మికుల భద్రతను యాజమాన్యం బాధ్యతగా చెప్పింది. 111ఏ సెక్షన్ భద్రతా లోపాలపై ఇన్‌స్పెక్టర్‌కు నేరుగా చెప్పుకునే హక్కు ఇచ్చింది. అయితే తయారీ పని జరగని గోదాం ఆ చట్టం కిందికి వస్తుందా అన్న పేచీ ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 వాణిజ్య సంస్థలకూ వర్తిస్తుంది, సాధారణంగా పదిమంది, ఆపై పనిచేసే చోట. ప్రాణాపాయం పొంచి ఉందని సహేతుకంగా అనిపిస్తే కార్మికులు యజమానికీ, ఇన్‌స్పెక్టర్‌ పాత్రలో ఉండే అధికారికీ తెలియజేయవచ్చని, యజమాని వెంటనే స్పందించాలని ఆ కోడ్ 14వ సెక్షన్ చెబుతోంది. వంగిన స్తంభం ఫోటో, పక్కన స్కేలు, తేదీ, నడవ సంఖ్య ఉంటే ఆ ఫిర్యాదును తోసిపుచ్చడం కష్టం.

మొదలుపెట్టడానికి ఖర్చేమీ లేదు. ఒక టార్చి, మీటరు పట్టీ, స్కేలు, తూకంగుండు, ఒక నోటుపుస్తకం. నడవ చివరల్లో ఉండే స్తంభాలతో ప్రారంభించడం మంచిది, ఫోర్క్‌లిఫ్ట్ మలుపు తిరిగేది అక్కడే కాబట్టి ఎక్కువ దెబ్బలు వాటికే తగులుతాయి. ప్రతి స్తంభానికి సంఖ్య వేసి, కొలత రాసి, వచ్చే వారం దానితో పోల్చాలి. 2 మిల్లీమీటర్ల వంపు ప్రమాణం ప్రకారం ఆకుపచ్చే. కానీ పోయిన వారం అదే స్తంభం నిటారుగా ఉండి ఉంటే, ఈ మధ్యలో దాన్ని ఏదో గుద్దింది. అది ఇంకేం తాకిందో ఆ రోజే వెతకాలి.